ఆకుపచ్చ కింద ఒక పేరు

నమోదు 1

ఈ రోజు విడ్జెట్ విభాగంలో చేరాను. కాగితాలు చూసిన గుమాస్తా, "మీది ఏ గని మేడం?" అని అడిగాడు. పైన ఎండకు తాళలేక జనం గనుల్లోకి దిగి కాపురాలు పెట్టాక ఊరు అడగడం పోయింది, గని అడుగుతారు. దక్షిణ గని అన్నాను. అందులో అబద్ధం లేదు. చిన్నప్పుడే మేనమామ నన్ను పెంచుకోవడానికి తీసుకుపోయాడు. చదువూ అక్కడే, ఇంటిపేరూ ఆయనదే. పుట్టింది మాత్రం ఈ ఉత్తర గనిలోనే, కింది వరుస గల్లీల్లో. ఓదెలు నాకు సొంత అన్న అని ఇక్కడ ఒక్క మనిషికే తెలుసు. ఆమె నా వదిన భూలక్ష్మి. ఆమె ఎవరికీ చెప్పదు.

అన్న గాలి సర్దార్. ఆరో గల్లీ మొగదల గోడకున్న పలక ముందు కూర్చోవడం, గాలి చెడిందని పలక ఎరుపు చూపిస్తే గంట కొట్టి జనాన్ని బయటికి పంపడం అతని పని. పోయిన ఎండాకాలం ఆ గల్లీలో గాలి చచ్చిపోయింది. అన్నతో పాటు రెండు కుటుంబాలు ఉన్నవాళ్ళు ఉన్నట్టే పోయారు. పలక ఎర్రగా వెలుగుతూనే ఉంది, సర్దార్ నిద్రపోయాడు అని విచారణలో తేల్చారు. తేల్చినవాడు పురుషోత్తం, ప్రెజెంటర్ విభాగం పెద్ద.

ఆ మనిషి కోసమే వచ్చాను. ఈ పూట ఆయన నాకు టీ ఇప్పించి, "మంచిగ పనిచెయ్, పైకొస్తవ్" అన్నాడు. టీ తాగాను.

నమోదు 2

ఇక్కడి పని ఎలా నడుస్తుందో రాసిపెట్టుకోవాలి. నా దారి దాని గుండానే ఉంది.

గనిలో ప్రతి మలుపులోనూ గోడకు ఒక పలక ఉంటుంది. లోపల ఉన్నది మామూలు వెబ్ పేజీయే. గాలికి ఒకటి, నీళ్ళకు ఒకటి, తలుపులకు ఒకటి, ఇలా విడివిడిగా విడ్జెట్లు. ఈ పనంతా మూడు గదుల్లో జరుగుతుంది. మోడల్ గది సెన్సర్లు కొలిచినదాన్ని భద్రపరుస్తుంది. మా గది జనం కంటికి కనబడేదాన్ని తయారుచేస్తుంది. నడిమి గది ప్రెజెంటర్లది. మోడల్ దగ్గర విని, దేన్ని ఎలా చూపించాలో విడ్జెట్‌కు చెప్పేది ప్రెజెంటర్. విడ్జెట్ సొంతంగా ఆలోచించకూడదు. ఇది మంచి పద్ధతే, దక్షిణ గనిలో నేనే నలుగురికి నేర్పాను.

విడ్జెట్‌కూ ప్రెజెంటర్‌కూ మధ్య ఏయే మాటలు నడవాలో ఒక ఒప్పందం ఉంటుంది. దాన్నే ఇంటర్‌ఫేస్ అంటాం. అందులో లేని మాటను ఇద్దరిలో ఎవరూ అనలేరు. ఆ ఒప్పందాలు రాయడమే నా ఉద్యోగం.

గాలి విడ్జెట్ పాత ఒప్పందం తెరిచాను. ప్రెజెంటర్ నుంచి వచ్చే మాట ఒకటే: ఈ రంగు చూపు. విడ్జెట్ నుంచి పోయే మాట కూడా ఒకటే: బటన్ నొక్కారు. ఏ బటనో, ఎక్కడిదో తెలుస్తుంది. నొక్కిన మనిషికి ఏం కావాలో తెలిసే దారి లేదు. పని తెలిసినవాళ్ళెవరూ అలా రాయరు. 'గాలి అడిగారు' అని రాస్తారు. అప్పుడు అవతలి వాడు వినలేదని చెప్పుకోవడానికి ఉండదు.

అన్న ఆ బటన్‌ను ఎంతసేపు నొక్కుతూ కూర్చున్నాడో.

సాయంత్రం బట్టలు ఉతికి గాలి బయటికిపోయే సొరంగంలో ఆరేశాను. పక్కన ఆరేసుకుంటున్న ఆవిడ, పైన ఎండ ఈసారి ముందే ముదిరిందని, పెద్ద ఫ్యాన్లు అప్పుడే మూలుగుతున్నాయని చెప్పింది. విన్నాను. నిజంగానే మూలుగుతున్నాయి.

నమోదు 3

పలకల తనిఖీ అని చెప్పి ఆరో గల్లీకి పోయాను. అన్న పోయాక వదినను పై వరుస ఇంట్లోంచి తీసి, అతను చచ్చిపోయిన గల్లీలోనే గది ఇచ్చారు. శిక్ష అనలేదు, సర్దుబాటు అన్నారు. కింది వరుసలో ఊపిరి కొంచెం బరువుగా తీసుకోవాల్సి వస్తుంది. అక్కడి పిల్లలు పరుగెత్తరు. నడుస్తారు.

వదిన నన్ను చూసి తలుపు దగ్గరగా వేసింది.

"ఎందుకొచ్చినవే ఈ గనికి? అక్కడ మంచి కొలువుండె గద."

"ఆ రోజు నువ్వేం చూసినవో మళ్ళొక్కసారి చెప్పు వదినా."

ఆమె పొయ్యి మీద నీళ్ళు చూస్తూ చెప్పింది. "బువ్వ డబ్బా ఇచ్చొద్దామని పోయిన. మీ అన్న తల పట్టుకొని కూసున్నడు. తల నొస్తుందే అన్నడు. పలక దిక్కు జూసిన. పచ్చగుంది. పచ్చగనే ఉంది గదా, ఇంత తిను, తగ్గుతది అని చెప్పి వచ్చిన." పొయ్యి మంట తగ్గించింది. "ఇదే విచారణల చెప్పిన. మొగణ్ణి కాపాడుకునేతందుకు చెప్తున్నదని రాసుకున్నరు. రాసింది నాకు సదివి వినిపించిండు ఆ పురుషోత్తం. నవ్వలే. నవ్వినా మంచిగుండు."

"నేను వాణ్ణి వదలను వదినా."

"వదలకు" అంది. అంతే అంది.

నమోదు 4

దొరికింది.

ఒప్పందం ఉండటం వల్ల ఒక సౌకర్యం ఉంది. అవతల ఉన్నది అసలు విడ్జెటా, నకిలీదా అని ప్రెజెంటర్ చూడదు. ఒప్పందం పాటిస్తే చాలు, మాట్లాడుతుంది. పరీక్షల కోసం మేం నకిలీ విడ్జెట్లు చేసుకుంటాం. వాటికి తెర ఉండదు. ప్రెజెంటర్ చెప్పింది గుర్తుపెట్టుకోవడమే వాటి పని.

మా గదివాళ్ళు ప్రెజెంటర్ లోపలి కోడ్ చూడకూడదు. దానితో మాట్లాడకూడదని మాత్రం ఎవరూ అనలేదు. పరీక్ష యంత్రం మీద అసలు గాలి ప్రెజెంటర్ ముందు నా నకిలీ విడ్జెట్‌ను కూర్చోబెట్టాను. మోడల్ నుంచి వచ్చినట్టుగా ఆరో గల్లీ గాలి లెక్కను అందిస్తూ, మెల్లగా తగ్గిస్తూ పోయాను. ఆకుపచ్చ. ఇంకా తగ్గించాను. ఆకుపచ్చ. మనిషి స్పృహ తప్పే చోటికి తెచ్చాను. ఆకుపచ్చే. ఆ తర్వాత పై వరుసలో ఆఫీసర్ల గల్లీ లెక్కను కూడా తగ్గించి చూశాను. అప్పుడు వెలిగింది ఎరుపు.

కింది గాలినీ పై గాలినీ కలిపి సగటు తీసి, ఆ సగటుకు రంగు వేస్తున్నారు. పైన దొరలు చల్లగా ఊపిరి పీలుస్తున్నంతసేపూ కింద ఎవరు చచ్చినా పలక పచ్చగానే ఉంటుంది.

లేచి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చి కూర్చున్నాను.

నమోదు 5

గాలి ప్రెజెంటర్ రాసేది అంజద్. నెమ్మదైన మనిషి, నన్ను అక్కా అంటాడు. భోజనం దగ్గర పక్కన కూర్చుని సూటిగా అడిగేశాను. "సగటు ఎవరు తియ్యమన్నరు?"

అతను తినడం ఆపాడు. "పరేషాన్ చెయ్యకు అక్కా. పెద్దసార్ చెప్తడు, నేను రాస్త."

"ఎందుకు చెప్పిండు?"

"ఫ్యాన్లు సరిపోతలేవ్. ఎర్రగ జూపిస్తే కిందోళ్ళు పైకురుకుతరు. పైన జాగ లేదు. కాగితాల మీద ఆరో గల్లీ ఒక్కటి దప్ప, సార్ వచ్చినకాడికెంచి గనిల ఎరుపు లేదని గని గవర్నర్ శాలువా గూడ కప్పిండు." గొంతు తగ్గించాడు. "ఆరో గల్లీ అయినంక ఆ కోడ్ తీసేస్త అన్న సార్‌తోని. నీ పేరు గూడ వస్తది విచారణల, సోచ్ లే, జర ఆలోచించుకో అన్నడు. నాకు పిల్లలున్నరు అక్కా."

అతని మీద నాకు జాలి కలగలేదు. కోపం మాత్రం పంచడం ఇష్టం లేకపోయింది. మొత్తం ఒకడికే కావాలి.

ఫిర్యాదు ఇవ్వాలా అని ఆలోచించాను. ఇస్తే పోయేది పురుషోత్తం బల్ల మీదికే. రాత్రికి రాత్రే కోడ్ మారిపోతుంది, నేను దక్షిణానికి తిరుగు ప్రయాణం అవుతాను, అన్న నిద్రపోయిన సర్దార్‌గానే మిగిలిపోతాడు. అలా కాదు. ఆయన నోటితో ఆయనే చెప్పాలి, జనం వినాలి.

నమోదు 6

కొత్త గాలి విడ్జెట్‌కు ఒప్పందం రాసి పురుషోత్తం దగ్గరికి తీసుకుపోయాను. ప్రెజెంటర్ రంగుతో పాటు ఇంకో మూడు చెప్పాలని రాశాను: కొలిచిన గాలి ఎంత, ఎక్కడ కొలిచారు, ఈ రంగు భద్రమని చెప్పే బాధ్యులు ఎవరు. మూడింట్లో ఏది లేకపోయినా విడ్జెట్ రంగు చూపదు, పలక నల్లగా ఉండిపోతుంది.

ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి చదివాడు. "స్వరూపా, నువ్వు సదువుకున్నదానివి. విడ్జెట్‌కు ఇన్ని సంగతులెందుకు? చూపుమన్నది చూపాలె. లెక్కలు జనానికిస్తే ఇంటింటికో ఇంజనీరు పుడ్తడు."

"అట్లనే సార్, లెక్క తీసేస్త."

"చోటు గూడ తియ్. గనంతా ఒక్కటే గాలి."

"తీసేస్త సార్." మూడోదాని మీద ఆయన వేలు ఆగింది. నేను తొందరపడలేదు. ఎప్పుడు మాట్లాడాలో అప్పుడే మాట్లాడాను. "అది మీ కోసమే పెట్టిన సార్. విచారణ అయినకాడికెంచి ఎక్కడ గూడ ఎరుపు లేదు. ఎవరి పుణ్యమో కిందోళ్ళకు తెల్వదు. ప్రతి పలక మీద, పచ్చరంగు కింద, ఈ గాలి భద్రం అని మీ పేరు పడ్తది. ప్రతి గల్లీల."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఎంత మామూలు ముఖం. అన్నను చంపినవాడి ముఖం ఇంకోలా ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

"అక్షరాలు కొంచెం పెద్దగ పెట్టు" అన్నాడు. "ముసలోళ్ళకు గూడ కనబడాలె."

సంతకం పెట్టాడు.

నమోదు 7

కొత్త విడ్జెట్ గనంతా ఎక్కింది. ప్రతి మలుపులో ఆకుపచ్చ, దాని కింద 'ఈ గాలి భద్రం. బాధ్యులు: పురుషోత్తం'. ఆయన షిఫ్ట్ మారే వేళ గల్లీల్లో తిరిగి, ఒక్కో పలక ముందు నిలబడి చూసుకుంటున్నాడట. అంజద్ చెప్పాడు.

వదిన మాత్రం నన్ను గుమ్మంలోనే నిలబెట్టింది. "వాని పేరు తెచ్చి నా ఇంటి మొగదల రాస్తివా? పొద్దున లేస్తే వాని పేరు జూడాల్నా?"

విషయం మొత్తం చెప్పాను. నకిలీ విడ్జెట్, సగటు, ఆ పేరు తీస్తే నల్లబడే పలక, అన్నీ. ఆమె గుమ్మం మీదే కూర్చుని వింది. తర్వాత అడిగింది, "అయితే మళ్ళ గాలి చచ్చినప్పుడు వాడు దొరుకుతడు. అంతేనా?"

"అంతే."

"ఆ గాలి ఎవలకు చస్తది స్వరూపా? ఇదే గల్లీల గదా."

జవాబు నా దగ్గర ఉంది. ప్రయోగశాల నుంచి చేతి మీటర్ తెచ్చాను, సర్దార్లకు కూడా ఇవ్వని మీటర్. ఆమె చేతిలో పెట్టి, ఏ అంకె కిందికి పోతే పరుగెత్తాలో చూపించాను. "అది కిందికొస్తే జనాన్ని బయటికి తియ్. నాకు ఫోన్ చెయ్. పలకను మాత్రం ఎవరూ ముట్టొద్దు."

నమోదు 8

ఎండ పెరుగుతోంది. వారం నుంచి పైన లోహపు తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ఫ్యాన్లలో ఒకటి ఆగింది. ఆఫీసర్ల గల్లీకి గాలి తగ్గలేదు.

ఈ రోజంతా పని చేస్తూ ఫోన్ వైపే చూశాను. అది మోగాలని కోరుకుంటున్నాను. అది మోగడం అంటే ఏమిటో తెలుసు, అయినా కోరుకుంటున్నాను. ఇది రాసిపెడుతున్నాను, తర్వాత ఎప్పుడైనా నేను మంచిదాన్నని అనుకోకుండా.

నమోదు 9

మధ్యాహ్నం మోగింది. "అంకె పడిపోతుంది" అంది వదిన, అంతే, పెట్టేసింది.

నేను చేరేసరికి ఆమె ఇంటింటికీ తిరుగుతోంది. చాలామంది కదలడం లేదు. "పలక పచ్చగనే ఉంది గదనే" అంటున్నారు. వదిన ఒక ఇంటి నడిమధ్య నిలబడి, గొంతు పెంచకుండా అంది. "నా మొగడు గూడ పలక పచ్చగుందనే కూసున్నడు. నేనే కూసోమన్న." ఇన్నాళ్ళూ ఆ గల్లీలో ఆమె ఆ మాట ఎత్తలేదు. అది విని లేచారు. ఒక ముసలాయనను నేనూ ఇంకో అతనూ రెక్కలు పట్టి నడిపించాం. మగతగా ఉన్న పసిపిల్లలను భుజాన వేసుకుని తల్లులు వచ్చారు. తలలు బద్దలవుతున్నాయని అందరూ అంటున్నారు. ఆఖరి మనిషి బయటికి వచ్చాక గదులన్నీ నేను మళ్ళీ చూసి వచ్చాను. గల్లీ తలుపు తెరిచే ఉంచాను. తలుపులోంచి కనబడే మొగదల పలక ఆకుపచ్చగా వెలుగుతోంది, కింద ఆయన పేరు పెద్ద అక్షరాల్లో.

అప్పుడు ఫోన్ చేశాను. "సార్, ఆరో గల్లీ జనం బయటికొచ్చి కూసున్నరు. పలక పచ్చగుంది అన్నా నమ్ముతలేరు. మీరొచ్చి ఒక్క మాట చెప్తే లోపలికి పోతరు."

వచ్చాడు. జనాన్ని చూసి చిరాకుపడ్డాడు. "ఏంది ఈ లొల్లి? పలక కనబడ్తలేదా? లోపలికి నడువుండ్రి."

ఎవరూ లేవలేదు. వదిన ముందుకు వచ్చింది. "మీరు ముందు నడువుండ్రి సార్. మీ ఎనుక మేమొస్తం."

ఆయన తేలిగ్గా నవ్వి తలుపు దాటాడు. కొద్దిగా లోపలికి పోయాడో లేదో మణికట్టు మీద ఆఫీసర్ల మీటర్ గుర్రుమంది. దాన్ని చూశాడు. చొక్కా చెయ్యి దాని మీదికి లాక్కున్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు, ఆ తర్వాత ఇంకోటి.

"ఎందుకాగిన్రు సార్?" అన్నాను.

"తర్వాత చూద్దాం. ముందు వీళ్ళను పై వరుసకు పంపు."

"ఎందుకు సార్? పచ్చగుంది గద."

ఆయన నన్ను చూశాడు. ఆయనకు ఏదో అర్థమవుతోంది. "లోపల గాలి లేదు" అన్నాడు, నాకొక్కదానికే వినబడేలా.

"గట్టిగ చెప్పుండ్రి. అందరికీ వినబడాలె."

"లోపల గాలి లేదు." ఈసారి గట్టిగా అన్నాడు. "పలక తప్పు చూపిస్తున్నది."

నేను నడిపించి తెచ్చిన ముసలాయన గోడకు ఆనుకుని కూర్చుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పలక మీదిది పైకి చదివాడు. "ఈ గాలి భద్రం. బాధ్యులు, పురుషోత్తం." చదివి, "ఈయనేనా?" అని పక్కవాణ్ణి అడిగాడు.

ఒక మనిషి లేచాడు, తర్వాత మిగతావాళ్ళు. పురుషోత్తం ఎటూ పోలేకపోయాడు. వెనక ఆరో గల్లీ, ముందు ఆరో గల్లీ జనం. "నేను భయాన్ని ఆపిన" అన్నాడు. "ఎర్రగ జూపిస్తే తొక్కులాటల ఇంకా ఎక్కువమంది చచ్చేటోళ్ళు. మీకు తెల్వదు. ఫ్యాన్లు లేవు."

"ఓదెలుకు ఎరుపు చూపించినవా?" అన్నాను.

"ఓదెలు ఎవరు?"

ఆ పేరు ఆయనకు గుర్తు లేదు. విచారణ కాగితం మీద తనే రాసిన పేరు. అప్పటిదాకా నేను చాలా నిమ్మళంగా ఉన్నాను. రెండు చేతులూ ఆయన ఛాతీ మీద ఆనించాను. ఒక్క తోపు చాలు. తలుపు నా చేతికి అందేంత దూరంలోనే ఉంది, గడియ బయట ఉంది. "నా అన్న" అన్నాను. "ఇక్కడ కూసునేటోడు. నిద్రపోయిండని రాసినవ్."

ఎవరూ నన్ను ఆపలేదు. అది బాగా గుర్తుంది, అంతమందిలో ఒక్కరూ ఆపలేదు. వదినే వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు. లోపలికి పోతే నిద్రల పోతడు. మీ అన్న లెక్క. నొప్పి గూడ తెల్వదు. వీడు బతకాలె."

చేతులు తీశాను. ఆయన గోడ పట్టుకుని కిందికి జారిపోయాడు.

నమోదు 10

దాచడానికి వీలు లేకుండా పోయింది. ఆ మధ్యాహ్నం విన్నవాళ్ళు గనంతా చెప్పారు. మర్నాటికి కింది వరుసలవాళ్ళంతా ఆఫీసర్ల గల్లీలో చాపలు పరుచుకుని కూర్చున్నారు, లేవమంటే లేవలేదు. గవర్నర్ కొత్త విచారణ వేశాడు. అంజద్ తనంత తనే పోయి చెప్పాడు. నా నకిలీ విడ్జెట్ విన్నదంతా అందరి ముందు పెట్టాను. ఓదెలు నిద్రపోలేదని రాశారు. వదిన ఆ కాగితాన్ని చదివించుకుని, ఇంకోసారి చదవమంది.

ఇప్పుడు ఒప్పందంలో మొదట నేను రాసిన మూడూ ఉన్నాయి. ఏ గల్లీ పలక ఆ గల్లీ గాలినే చూపుతుంది. బటన్ నొక్కితే 'గాలి అడిగారు' అని పోతుంది, అడిగినచోటికి ఫ్యాన్ తిరుగుతుంది. పై వరుస అంతకు ముందంత చల్లగా లేదు. వాళ్ళూ బట్టతో విసురుకుంటున్నారు.

పురుషోత్తాన్ని పైకి, ఎండలోకి పంపాలని చాలామంది అన్నారు. ఏం చేద్దామని వదినను అడిగారు. ఆమె అడిగింది ఒక్కటే. అన్న పోయినప్పటి నుంచీ ఆరో గల్లీలో సర్దార్ కుర్చీ ఖాళీగానే ఉంది.

నమోదు 11

ఆయన అక్కడ కూర్చోవడం మొదలుపెట్టి చాలా రోజులైంది. మీటర్ తీసేసుకున్నారు. మిగతా సర్దార్ల లాగే ఆయనకూ పలకే దిక్కు. సన్నబడ్డాడు. పలక నుంచి చూపు తిప్పడు. బువ్వ తింటూ కూడా దాన్నే చూస్తాడు. వదిన ముందు నుంచి నీళ్ళ బిందెతో పోతుంది, మాట్లాడదు.

ఈ రోజు ఆ మలుపులో తలుపుల విడ్జెట్ సరిచేస్తున్నాను. పక్కన కుర్చీ కిర్రుమంది.

"స్వరూపమ్మా" అన్నాడు. అలా పిలవడం ఇదే మొదలు. "ఈ పచ్చరంగు నిజమేనా?"

నేను స్క్రూ బిగిస్తున్నాను.

"పొద్దుటి నుంచి తల నొస్తుంది. ఎండకా, గాలికా తెలుస్తలేదు. నువ్వే చేసినవ్ గద దీన్ని. నిజమేనా, కాదా, ఒక్క మాట చెప్పు. ఆ ఒక్కటి చెప్పు చాలు."

నిజమే. ఆ రంగు ఎంత నిజమో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ గనిలో లేరు. ఆ గల్లీలో పిల్లలు ఇప్పుడు పరుగెత్తుతున్నారు. ఒక్క మాట చెబితే ఆ మనిషి ఈ పూట హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు.

పనిముట్లు సర్దుకుని, సంచి భుజాన వేసుకుని, ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, జవాబు చెప్పకుండా వచ్చేశాను.